గురి: మ్యాచ్‌కి ముందు ఎన్ని షాట్లు, అయ్యాక ఎన్ని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ప్రశ్న. సీజన్ దగ్గర పడింది కదా, అందరికీ టెన్షన్. మ్యాచ్ ముందు ఎంత కొట్టాలి, మ్యాచ్ అయ్యాక మళ్లీ కొట్టాలా వద్దా అని. నన్ను కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట: హనుమకొండలో నాకో చిన్న షూటింగ్ రేంజ్ ఉంది, పది మీటర్లది, ఆరు లేన్లు, ఇంకా కార్డు టార్గెట్లే, తీగ మీద పుల్లీతో లాక్కోవాలి. ఒకప్పుడు నేనూ పిస్టల్ ఆడాను, పతకాలంటూ పెద్దగా ఏమీ లేవు, చేసిన తప్పులు మాత్రం బాగానే ఉన్నాయి. ఈ జవాబులు ఎక్కువగా వాటిలోంచే.

ప్రశ్న: మా పాపకి 14 ఏళ్లు, టెన్ మీటర్ ఎయిర్ పిస్టల్. పది రోజుల్లో స్టేట్ మ్యాచ్ ఉంది. కోచ్ గారు రోజూ పొద్దున 60 షాట్లు, సాయంత్రం 60 షాట్లు టైమ్ పెట్టి కొట్టిస్తున్నారు. మణికట్టు నొప్పి అంటోంది, స్కోరు కూడా రోజురోజుకీ తగ్గుతోంది. ఆపమని చెప్తే సార్‌కి కోపమొస్తుందేమో. ఏం చేయాలి? (ఒక తల్లి, హనుమకొండ)

అమ్మా, కోచ్ గారి మీద కోపం పెట్టుకోకండి, మ్యాచ్ దగ్గరకొస్తే కోచ్‌లకి పిల్లలకంటే ఎక్కువ భయం ఉంటుంది, ఆ భయంతో లెక్క పెంచేస్తారు. నేనూ పెంచినవాణ్నే.

మ్యాచ్ మొత్తం ఆడటం అంటే పరీక్ష రాయడం లాంటిది. 15 నిమిషాలు ప్రిపరేషన్, సైటర్లు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు), ఆ తర్వాత 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే గంటా పావు, కార్డు అయితే గంటన్నర. రోజుకి రెండు పరీక్షలు రాయిస్తే పిల్ల చదువుకునేది ఎప్పుడు? పరీక్షలో ఎక్కడ తప్పు పోతోందో తెలుస్తుంది, అంతే, ఆ తప్పు అక్కడే సరికాదు. పైగా అలసిపోయిన చెయ్యి 40వ షాట్ నుంచి ట్రిగ్గర్‌ని గుంజడం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని రూల్, కిలో దాకా ఉండే పిస్టల్‌ని ఒంటి చేత్తో చాచి పట్టుకుని ఆ అరకిలోని మెల్లగా నొక్కాలి. చెయ్యి అలిసిందంటే మెల్లగా నొక్కే ఓపిక ముందు పోతుంది. అలా గుంజిన షాట్లు రోజుకి నలభై యాభై పడితే పది రోజుల్లో అదే అలవాటు అవుతుంది. పాప స్కోరు తగ్గుతోందంటే పాప బద్ధకస్తురాలని కాదు, గుంజడం బాగా ప్రాక్టీస్ అవుతోందని.

నేనైతే ఈ పది రోజుల్లో ఫుల్ మ్యాచ్ రెండే రెండు ఆడిస్తా. మొదటిది మణికట్టు నొప్పి తగ్గగానే, రెండోది మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు, అదీ పాపకి ఏ టైమ్‌కి డీటెయిల్ (ఆడే బ్యాచ్) పడిందో సరిగ్గా ఆ టైమ్‌కి. పొద్దున తొమ్మిదికి డీటెయిల్ ఉన్న పిల్లతో సాయంత్రం ఆరుకి ప్రాక్టీస్ చేయిస్తే, ఆ ఒళ్లు వేరు, ఈ ఒళ్లు వేరు. మిగతా రోజుల్లో ఒకటే పని: పూర్తిగా 15 నిమిషాల సైటింగ్, ఆ వెంటనే మొదటి పది మ్యాచ్ షాట్లు, ఆపేయడం. పిస్టల్ కింద పెట్టి బయటికెళ్లి నీళ్లు తాగి పావుగంట తర్వాత వచ్చి మళ్లీ అదే, అలా రోజుకి మొత్తం మూడుసార్లు. ఎందుకంటే పిల్లలకి గుండె దడదడలాడేది ఎప్పుడో కాదు, "మ్యాచ్ ఫైరింగ్, స్టార్ట్" అన్న తర్వాత మొదటి షాట్‌కే. సైటర్లలో పది మీద పది పెట్టిన పిల్ల ఆ మొదటి షాట్‌కి పిస్టల్ ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, చివరికి ఎనిమిది పెడుతుంది. రోజుకి 60 షాట్ల మ్యాచ్ ఒకటి ఆడితే ఆ మొదటి షాట్ ఒక్కసారే వస్తుంది. ఇలా ఆడితే మూడుసార్లు వస్తుంది, కొట్టేది మాత్రం సైటర్లు పోను ముప్పయ్యే.

మణికట్టు నొప్పికి రెండు రోజులు పూర్తిగా సెలవు. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, బామ్ రాసి రేంజ్‌కి పంపకండి.

ఇక మ్యాచ్ ముందు రోజు. ఆ రోజు రేంజ్‌లో ట్రైనింగ్‌కి టైమ్ ఇస్తే అది ప్రాక్టీస్ అనుకోవద్దని నా మాట. అది ఇల్లు చూడబోవడం లాంటిది. లైట్ ఎలా ఉంది, టేబుల్ ఎత్తు ఎంత, మానిటర్ ఎటువైపు ఉంది, జీరో (సైట్ సెట్టింగ్) కదిలిందా, ఇవి చూసుకుని రావాలి. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుగు ఉండాలని రూల్, మన ట్యూబ్‌లైట్ రేంజ్‌ల నుంచి వెళ్లిన పిల్లలకి అక్కడ టార్గెట్ మీది నల్లటి వృత్తం చిన్నగా, పదునుగా కనిపించి సైట్ పిక్చర్ (గురిలోంచి కనిపించే దృశ్యం) మారిపోయినట్టు ఉంటుంది, దానికి కళ్లు అలవాటు పడాలి. 20, 25 షాట్లు చాలు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్ ఫైనల్‌కి ముందు సైటర్ వేస్తే నాలుగు దగ్గర పడిందని తర్వాత చెప్పాడు, అంతకుముందు క్వాలిఫికేషన్‌లో బ్రహ్మాండంగా నడిచిన రైఫిలే అది. సైట్ సరిచేసుకుని ఆడి స్వర్ణం గెలిచాడు, ఆఖరి షాట్ 10.8. సైటర్లు ఉన్నది ఇందుకే, చెయ్యి వేడెక్కించుకోవడానికి మాత్రమే కాదు.

ఇంకో చాదస్తం ఉంది, "ఆఖరిది పది పెట్టి లేవాలి" అని. వినడానికి బాగానే ఉంటుంది. ఆ ఒక్క పది కోసం పిల్లలు ఇంకో నలభై షాట్లు కొట్టడం నా కళ్లతో చూశాను. తొమ్మిది పడినా లేచి రావచ్చమ్మా, ఏమీ కాదు.

ప్రశ్న: అన్నా, నేను బి.టెక్ మూడో సంవత్సరం. మొన్న మ్యాచ్‌లో ఎయిర్ పిస్టల్ 548 కొట్టాను, పదేసి షాట్ల సిరీస్‌లుగా: 93, 94, 92, 91, 90, 88. కోపం ఆగక అదే సాయంత్రం మా క్లబ్‌కి వెళ్లి మళ్లీ 60 కొడితే 561 వచ్చింది. అంటే నాకు ఆట వచ్చు, మ్యాచ్ టెంపర్‌మెంటే లేదనా? ప్రతి మ్యాచ్ అయ్యాక ఇలా కొట్టడం మంచిదేనా? (కరీంనగర్)

తమ్ముడూ, ముందు ఆ 561ని డైరీలోంచి కొట్టేయ్. రిఫరీ లేడు, పక్క లేన్‌లో పోటీ లేదు, పోయేది ఏమీ లేదు, అలాంటప్పుడు పడే పదులకి నేను మార్కులెయ్యను. నీ మీద కోపంతో అనడం లేదు, నా అనుభవం చెప్తున్నా. నేనూ ఒకసారి స్టేట్‌లో ఘోరంగా ఆడి, వరంగల్ వచ్చే బస్సు కూడా ఎక్కకుండా అక్కడే ప్రాక్టీస్ లేన్ అడుక్కుని చీకటి పడేదాకా కొట్టాను. మంచి స్కోరే వచ్చింది. హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచి చూస్తే మ్యాచ్‌లో ఏం జరిగిందో ఒక్క షాట్ కూడా గుర్తులేదు, సాయంత్రం పెట్టిన పదులే గుర్తున్నాయి. వచ్చే మ్యాచ్‌లో అదే చోట అలాగే పోయింది.

నువ్వు ఉత్తరంలో ఇంకో ముక్క రాశావు, దాన్ని నువ్వు పట్టించుకున్నట్టు లేవు. మొదటి 40 షాట్లు 38 నిమిషాల్లో అయ్యాయని, మొత్తం మ్యాచ్ 52 నిమిషాల్లో ముగించానని. అంటే చివరి 20 షాట్లకి 14 నిమిషాలు. లెక్క వేయి: ముందు షాట్‌కి 57 సెకన్లు పట్టిన మనిషి, ఆఖర్లో 42 సెకన్లకి దిగాడు. 75 నిమిషాల మ్యాచ్‌లో 23 నిమిషాలు మిగిల్చి ఇంటికొచ్చావు. టెంపర్‌మెంట్ సంగతి తర్వాత, నువ్వు త్వరగా అయిపోతే బాగుండు అనుకున్నావు, అంతే. 91 పడగానే "ఇంకెందుకులే" అనే మాట లోపల పుట్టి ఉంటుంది, నాకు బాగా పరిచయమైన మాటే.

కాబట్టి మ్యాచ్ అయిన రోజు తుపాకీ ముట్టుకోవద్దు. రేంజ్ బయట చెట్టు కింద కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, సిరీస్ సిరీస్‌కీ నాలుగేసి మాటలు రాయి. స్కోరు కాదు, స్కోరు షీట్‌లో ఉంటుంది. ఎక్కడ పిస్టల్ దించాల్సింది పోయి షాట్ కొట్టేశావు, ఎక్కడ నీళ్లు తాగాలనిపించింది, పక్కోడి మానిటర్ ఎన్నిసార్లు చూశావు. ఇవి రెండో రోజుకి ఉండవు, ఆవిరైపోతాయి. రెండు రోజులు ఆగి రేంజ్‌కి వెళ్లు. అప్పుడు కూడా 60 కాదు. చెయ్యి అలిసేదాకా ఓ పావుగంట ఊరికే పిస్టల్ ఎత్తి పట్టుకో, షాట్ లేకుండా, ఆ తర్వాత సీదా 41వ షాట్ నుంచి మొదలుపెట్టు. 20 షాట్లకి 25 నిమిషాలు పెట్టుకో, అంతకంటే ముందు ముగించకూడదు. మధ్యలో కుర్చీలో కూర్చో. మ్యాచ్‌లో కూర్చోవద్దని ఎవరూ అనలేదు, పిస్టల్‌ని సేఫ్‌గా టేబుల్ మీద పెట్టి కూర్చోవచ్చు, నీళ్లు తాగొచ్చు, కళ్లు మూసుకోవచ్చు. మన పిల్లలు కూర్చుంటే పరువు పోతుందన్నట్టు గంటసేపు నిలబడే ఉంటారు.

మా రేంజ్‌లో ఒక అమ్మాయి ఉండేది, నీలాగే మ్యాచ్ నుంచి వచ్చి బ్యాగ్ దించకుండానే "సార్, ఇంకో అరవై కొడ్తా" అంది. కొట్టనీయలేదు. పుల్లీ లాగి ఖాళీ కార్డు తెచ్చి ఇచ్చి, మ్యాచ్‌లో పోయిన షాట్లు పెన్నుతో దీనిమీద గుర్తు పెట్టమన్నాను. పది నిమిషాలు ఏడుపు ముఖంతో కూర్చుని చుక్కలు పెట్టింది. అన్నీ కింద ఎడమపక్కనే. కుడిచేతి పిల్ల, అంటే వేలితో పాటు మణికట్టు కూడా దిగుతోంది. ఆ కార్డు ఇప్పటికీ మా గోడకి ఉంది. 60 కొట్టి ఉంటే ఆ చుక్కలు ఎవరు పెట్టేవారు?

ప్రశ్న: ఆడపిల్లలకి మ్యాచ్‌లో 40 షాట్లే కదా, 60 ఎందుకు ప్రాక్టీస్ చేయించాలి? (వ్యాయామ ఉపాధ్యాయుడు, జనగామ)

సార్, అది పాత లెక్క. 2018 నుంచి అంతర్జాతీయ నిబంధనల్లో మహిళలకీ 60 షాట్లే.

ప్రశ్న: సార్, నేను 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్ ఆడతాను. మా దగ్గర 25 మీటర్ల రేంజ్ లేదు, నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి కొట్టుకుని వస్తాను. ప్రిసిషన్ ఫర్వాలేదు, ర్యాపిడ్‌లో చేతులెత్తేస్తున్నాను. మిగతా రోజుల్లో ఏం చేయాలి? (మంచిర్యాల)

ముందుగా ఈ ఈవెంట్ తెలియని పాఠకుల కోసం: మొదట 30 షాట్లు ప్రిసిషన్, ఐదేసి షాట్ల సిరీస్‌కి ఐదు నిమిషాలు, తీరిగ్గా కొట్టుకోవచ్చు. తర్వాత 30 షాట్లు ర్యాపిడ్. అందులో చెయ్యి 45 డిగ్రీల కింద ఉంచి నిలబడాలి, టార్గెట్ 3 సెకన్లు కనిపిస్తుంది, ఆ మూడు సెకన్లలో ఎత్తి ఒక్క షాట్ కొట్టాలి, మళ్లీ 7 సెకన్లు మాయం. ఇలా ఐదుసార్లు ఒక సిరీస్.

మీ అదృష్టం ఏంటంటే, ర్యాపిడ్‌లో నేర్చుకోవాల్సింది దాదాపు అంతా గోడ ముందే నేర్చుకోవచ్చు, తూటా అక్కర్లేదు. ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి: "అటెన్షన్", ఏడు సెకన్ల మౌనం, ఒక బీప్, మూడు సెకన్లు, ఇంకో బీప్, మళ్లీ ఏడు. ఐదుసార్లు. తెల్లగోడ మీద నల్లచుక్క కూడా వద్దు మొదట్లో. చెయ్యి పైకి వచ్చేటప్పుడే ట్రిగ్గర్ మీద మొదటి ఒత్తిడి పడాలి, పైకొచ్చి ఆగాక మొదలుపెడితే మూడు సెకన్లు చాలవు, అప్పుడే గుంజుతారు. ఇంకోటి, ఆ ఏడు సెకన్లు. అందరూ మూడు సెకన్ల గురించే భయపడతారు, నన్నడిగితే ఆట ఉన్నది ఏడులో. పోయిన షాట్ గురించి బాధపడటానికి అందులో మూడు సెకన్లు వాడేసుకుంటే ఊపిరి సర్దుకోవడానికి టైమ్ ఉండదు. రోజుకి ఆరు సిరీస్‌లు, అంటే 30 లేపులు, పదిహేను ఇరవై నిమిషాల పని. మ్యాచ్‌కి ముందు వారం కూడా ఇదే, పెంచొద్దు.

డ్రై ప్రాక్టీస్ (ఇలా ఖాళీ పిస్టల్‌తో చేసేది) చేసే గదిలో తూటాలు ఉండకూడదు, పక్క గదిలో పెట్టి తాళం వేయండి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూడండి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. గోడ అవతల ఎవరున్నారో తెలుసుకోండి. ఇది నేను ప్రతిసారీ రాస్తాను, ప్రతిసారీ ఎవరో ఒకరు విసుక్కుంటారు, అయినా రాస్తాను. కిటికీ పరదా కూడా వేసుకోండి, ఎదురింటివాళ్లకి మీరు ఏం చేస్తున్నారో తెలియదు కదా, 100కి ఫోన్ పోతుంది.

హైదరాబాద్ వెళ్లిన ఆ రెండు రోజులూ ఫుల్ మ్యాచ్ కొట్టి తిరిగొస్తున్నట్టున్నారు. ఒకసారి ఫుల్ మ్యాచ్, ఇంకోసారి ర్యాపిడ్ ఒక్కటే కొట్టి చూడండి.

ప్రశ్న: ఎన్‌సీసీ క్యాడెట్‌ని. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు ఇస్తారు, అంతే. ప్రాక్టీసే లేకుండా ఫైరింగ్ టీమ్‌కి ఎలా ఎంపికవ్వాలి? (జగిత్యాల)

ఐదు రౌండ్లతో వాళ్లు చూసేది గ్రూపింగ్. ఐదు రంధ్రాలూ ఒకే చోట దగ్గరగా పడ్డాయా అని, మధ్యలో పడ్డాయా అని కాదు. పైన ఓ మూలకి పడినా గుప్పెడులో ఇమిడితే సైట్ సరిచేసి వాడుకోవచ్చు, చెల్లాచెదురుగా పడిన దాంట్లో రెండు బుల్‌లో (నట్టనడుమ) ఉన్నా పనికిరాదు. అందుకని మొదటి షాట్ ఎటు పోయిందో అని మెడ చాచి చూసి రెండో దానికి గురి మార్చొద్దు. ఐదూ ఒకే చోట పెట్టి, ఒకేలా ఊపిరి వదిలి, ఒకేలా నొక్కు. యూనిట్‌లో ఖాళీ రైఫిల్‌తో బోర్లా పడుకుని ప్రాక్టీస్ చేసుకోనిస్తారు, హవల్దార్ సార్‌ని అడుగు, అడిగిన క్యాడెట్ ముఖం గుర్తుంటుంది కూడా. బ్యారెల్ చివర రూపాయి బిళ్ల నిలబెట్టి, ట్రిగ్గర్ నొక్కినా అది పడకుండా చూసుకోవడం పాత విద్యే, ఇప్పటికీ దానికి మించింది లేదు.

ప్రశ్న: మా బాబు రైఫిల్‌లో మొదటిసారి ఫైనల్‌కి వెళ్లాడు, ఎనిమిదో స్థానంతోనే బయటికొచ్చాడు. క్వాలిఫికేషన్‌లో మూడోవాడు. ఫైనల్‌ని విడిగా ప్రాక్టీస్ చేయాలా? (హనుమకొండ)

చేయాలి, తప్పకుండా. అది వేరే ఆట అనుకోండి. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన పద్ధతి చెప్తా: ఐదేసి షాట్ల సిరీస్‌లు రెండు, ఒక్కోదానికి 250 సెకన్లు. ఆ తర్వాత ఒక్కొక్క షాట్, 50 సెకన్లు, కమాండ్ మీద. 12వ షాట్ అయ్యాక ఒకరు అవుట్, అక్కడి నుంచి రెండు షాట్లకి ఒకరు, మొత్తం 24. క్వాలిఫికేషన్ స్కోరు ఇక్కడికి రాదు, అందరూ సున్నా నుంచే. మీ బాబు మూడోవాడినన్న ధీమాతో వెళ్లి ఉంటాడు.

ప్రాక్టీస్‌కి ఎనిమిది మంది అక్కర్లేదు. అక్కో చెల్లో ఎవరైనా వెనక నిల్చుని "లోడ్", "స్టార్ట్", "స్టాప్" అని చెప్తే చాలు. ప్రతి షాట్ తర్వాత స్కోరు గట్టిగా చదివించండి, తిట్టినట్టు చదివినా పర్లేదు. మా రేంజ్‌లో శనివారం సాయంత్రం ఇది పెడతాను, ఓడినవాడు మిర్చిబజ్జీలు కొనాలి. పిల్లలు జిల్లా మ్యాచ్‌లో కూడా అంత వణకరు.

అలాగే నెలకి ఒకసారి కావాలని ఇబ్బంది పెట్టి ఆడించండి. టోక్యోలో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ చెడిపోయి బోలెడు నిమిషాలు పోయాయి, మిగిలిన టైమ్‌లో కొట్టి 575 చేసింది, రెండు పాయింట్లతో ఫైనల్ పోయింది. పారిస్‌లో రెండు కాంస్యాలతో తిరిగొచ్చిందనుకోండి. 20వ షాట్ దగ్గర ఆపి పది నిమిషాలు కూర్చోబెట్టి, మిగిలిన టైమ్‌లోనే పూర్తి చేయమనండి. ఇంకోటి చిన్నదే కానీ ప్రాణం తీసేది, తన లేన్ నంబరు చూసుకోవడం. 2004 ఏథెన్స్‌లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి ఆడేది) ఫైనల్లో ముందంజలో ఉండి ఆఖరి షాట్ పక్కవాడి టార్గెట్ మీద కొట్టాడు. సున్నా. బంగారం చేతిలోంచి జారి ఎనిమిదో స్థానం. మా పిల్లలకి రైఫిల్ ఎత్తే ముందు నంబరు పెదాలతో చదవమని చెప్తాను, మ్యాచ్‌లోనే కాదు, ఉత్త డ్రైలో కూడా.

ప్రశ్న: మ్యాచ్ రోజు పొద్దున ఇంట్లో కాసేపు ప్రాక్టీస్ చేసి వెళ్లాలా? ఇంకా ఏం చూసుకోవాలి? (పరకాల)

మీ డీటెయిల్ పొద్దునే, మ్యాచ్ గచ్చిబౌలిలో అని రాశారు. అలాంటప్పుడు ఇంట్లో ప్రాక్టీస్ ఏంటి స్వామీ, ముందు రోజు సాయంత్రానికే హైదరాబాద్ చేరుకోండి. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి, అక్కడ దిగి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి గన్ కేసు మోసుకుంటూ ఆటోల కోసం తిరిగితే, లైన్ మీదకి వచ్చేది షూటర్ కాదు, ప్రయాణికుడు. బస చేసిన చోట పది నిమిషాలు కళ్లు మూసుకుని పిస్టల్ లేకుండానే షాట్ మొత్తం ఊహించుకోండి, చాలు.

ఇక రాత్రే చూసుకోవాల్సింది పిస్టల్ గాలి సిలిండర్ తేదీ. తయారై పదేళ్లు దాటితే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (మ్యాచ్ ముందు సామాను తనిఖీ) దగ్గర వెనక్కి పంపుతారు, ఆ తేదీ సరిగ్గా ఉంచుకోవడం షూటర్ బాధ్యతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు మరీ చూసుకోవాలి, మొన్న ఒకాయన తీసుకొచ్చిన దాని మీద 2012 అని ఉంది, ఆయన అది మోడల్ నంబరు అనుకున్నాడట. పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ గుళ్లు) ప్రాక్టీస్ చేసిన డబ్బాలోవే తీసుకెళ్లండి, మ్యాచ్ కోసమని కొత్త రకం కొనకండి. అలెన్ కీ, చిన్న స్క్రూడ్రైవర్, ఐడీ కార్డు.